ఏ శిక్షణకు పంపవలెను?

నేడు సేద్యపు పనులలో చాలభాగము యంత్రముల పాలైనది. ఆ యంత్రములు జీతగాండ్ర చేతిలో నున్నవి. వరికోత మిషనుకు లక్షలు పోసిన రైతుగాని, యంత్రములు అద్దెకిచ్చు సహకార సంఘముగాని, దానిని నడుపు మనిషికి పని నేర్పించుటకు కొద్దిపాటి పైకము తీయవలెనన్న వెనుకాడుట చూచుచున్నాము. మరికొన్ని చోట్ల, శిక్షణ ఉత్తరము వచ్చినదే తడవుగా ఎవరు ఖాళీగా నున్న వారిని పంపి, వారు తెచ్చిన యోగ్యతాపత్రమును పటము కట్టించి గోడకు తగిలింతురు. రెండును నష్టమే. రెండవ నష్టము పద్దులోకెక్కును, మొదటిది ఎక్కదు, అంతే భేదము.

శిక్షణ పేరు విని దానికొక మనిషిని వెదకుట తలక్రిందులు పని. మన పనిలో ఎక్కడ, ఎంత పాడగుచున్నదో ముందు చూడవలెను.

వరికోతనే తీసికొందము. మిషను పోయిన మడిలో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చట్రము వేసి, అందులో రాలిన గింజలను లెక్కపెట్టుడు. గడ్డిని దులిపి, అందు దాగిన గింజలను కూడ చేర్చుడు. మిషను వెనుక గడ్డి పడిన చాలులో గింజలు ఎక్కువగా నుండును గనుక, ఆ చాలులోను దానికి ఇరుప్రక్కలను, ఐదారు చోట్ల చూచి సగటు కట్టవలెను. కోతకు ముందే రాలిన గింజలకు డ్రైవరును తప్పుపట్టరాదు. ప్రక్కనున్న కోయని చేనిలో అదే చట్రము వేసి, ఆ లెక్కను తీసివేయుడు. వేయి గింజలు 20 గ్రాములు తూగు రకములో చదరపు మీటరుకు 250 గింజలు పోయినచో, అది 5 గ్రాములు. ఎకరము సుమారు 4,000 చదరపు మీటర్లు. అనగా ఎకరాకు 20 కిలోలు మట్టిపాలగుచున్నవి. ఆ మిషను ఒక కారులో 300 ఎకరములు కోసినచో 60 క్వింటాళ్లు! చిల్లరగా పోవుటచేత ఏ రైతుకును ఇది బరువుగా తోచదు.

లెక్క తేలిన పిమ్మట, ఈ నష్టము పనితనము లేక జరుగుచున్నదా, మరొక కారణము చేతనా అని యోచింపవలెను. ఫ్యాను గాలి ఎక్కువైనచో మంచి గింజ పొల్లుతో ఎగిరిపోవును. జల్లెడ సందులు సరిగా లేకున్నను, మిషనును తగని వేగముతో తోలినను గింజ గడ్డితో బయటపడును. వీనిని దిద్దుకొనుట నేర్పవచ్చును. కాని కత్తులు అరిగియున్నచో కావలసినది కొత్త కత్తులు, శిక్షణ కాదు. డ్రైవరుకు బత్తా ఎకరాల లెక్కన ఇచ్చుచున్నచో అతడు వేగముగానే తోలును. ఎంత గొప్ప పాఠశాలకు పంపినను, తిరిగివచ్చి మరల అట్లే తోలును. అచ్చట మార్చవలసినది బత్తా లెక్క. నాకు తెలిసినంతలో, శిక్షణ వృథా అయినదని వాపోవు యజమానులలో పలువురు ఈ ఒక్క ప్రశ్నను ముందుగా వేసికొననివారే.

ఖర్చు ఎక్కువైన శిక్షణయే మేలైనదను భ్రమ కూడ కలదు. మందు చల్లు పనివాని సంగతి చూడుడు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు నేల కొలిచి, స్ప్రేయరులో వట్టి నీరు పోసి, రోజూ నడచు నడకతోనే చల్లింపుడు. ఒకనికి 3 లీటర్లు పట్టెననుకొందము, ఎకరాకు 120 లీటర్లు. వేరొకనికి నడక నిదానమై, నాజిలు అరిగి, 5 లీటర్లు పట్టినచో ఎకరాకు 200 లీటర్లు. ఎకరాకు 200 మిల్లీలీటర్ల మందు వేయవలసియుండగా, మొదటివానికి తగినట్లు కలిపిన ద్రావణమునే రెండవవానికిచ్చినచో అతడు 333 మిల్లీలీటర్లు చల్లును. డబ్బు పోవుటయే కాదు, పైరు మాడవచ్చును, ఆ మనిషి ఒంటిపై పడు విషము కూడ హెచ్చును. ఈ కొలత నేర్చుటకు ఒక పూట చాలును. కృషి విజ్ఞాన కేంద్రము వారినిగాని, మండల వ్యవసాయాధికారినిగాని కోరినచో పొలములోనే చూపగలరు. చేతితొడుగులు, ముఖమునకు మాస్కు మాత్రము యజమాని కొనవలెను. అవి లేక జాగ్రత్తలు బోధించిన ప్రయోజనమేమి?

చట్టము కోరు శిక్షణల విషయము వేరు. అచ్చట బేరము లేదు. 2021 నాటి డ్రోన్ నియమముల ప్రకారము, మందు చల్లు డ్రోనును ఎగురవేయువానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండితీరవలెను. అది పొందుటకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ అనుమతి గల సంస్థలోనే నేర్వవలెను. రుసుము కట్టుటకు ముందు ఆ అనుమతి నేటికిని చెల్లుచున్నదా అని విచారించుకొనుడు. డ్రోను అమ్మువాడు రెండు దినములు చూపి ఇచ్చు కాగితము దీనికి బదులు కానేరదు.

ఇక సంస్థను ఎంచుకొనునపుడు భవనములను చూడనక్కరలేదు. ఒక్కొక్క యంత్రమునకు ఎందరు విద్యార్థులు, మనవాని చేతికి యంత్రము ఎన్ని గంటలు దొరకును, అది మన యంత్రమువంటిదేనా — ఇవి అడుగవలెను. ముప్పదిమంది చుట్టు నిలిచి ఒకడు విప్పుట చూచినంత మాత్రమున చేయి తిరుగదు. ట్రాక్టర్లు, సేద్యపు యంత్రములు నడుపుట, బాగుచేయుట నేర్పుటకు కేంద్ర ప్రభుత్వము వారి దక్షిణ ప్రాంత సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కలదు. డ్రైవరును పంపదలచినవారు ముందుగా అచ్చటికి వ్రాసి, ఏ నెలలో ఏ తరగతి జరుగునో తెలిసికొనుట మేలు. నేర్చిన పని పదునైదు దినములలో చేతికి తగులవలెను. దాళ్వా కోత ముగిసిన మరునాడు మిషను పని నేర్చినవాడు సార్వా కోతనాటికి సగము మరచును.

పని మాని పోనక్కరలేని శిక్షణలును కలవు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఎరువులు, పురుగుమందుల వర్తకులకై ప్రారంభించిన డిప్లొమా ఏడాది పొడవునా వారమునకు ఒక దినము చొప్పున జరుగును. 40 తరగతులు, 8 క్షేత్ర పర్యటనలు. ఆనాడు విన్నది మిగిలిన ఆరు దినములు అంగడిలో వాడుకకు వచ్చును. సంఘము ఎరువుల డిపో నడుపుచున్నచో గుమస్తాకు ఇట్టిది అనువుగా నుండును.

ఎవరిని పంపవలెననునది సున్నితమైన సంగతి. ఆ పని దినదినము చేయువానినే పంపవలెను. అధ్యక్షులవారి మేనల్లుడు డిగ్రీ చదివినవాడే కావచ్చును, కాని మిషను ఎక్కువాడు అతడు కాడు గదా. శిక్షణ దినములకు జీతము కోయరాదు. కోసినచో అది అతనికి శిక్షగా తోచును.

“నేర్చిన తరువాత ప్రక్క ఊరివాడు ఎక్కువ ఇచ్చి తీసికొనిపోవును గదా” అని చాలమంది అడుగుదురు. న్యాయమైన భయమే. బాండు వ్రాయించుకొన్నంత మాత్రమున మనసు నిలువదు. ఎకరాకు 20 కిలోలు పోవుచోట 8 కిలోలకు తగ్గించిన డ్రైవరు, 300 ఎకరములపై 36 క్వింటాళ్లు నిలిపినాడు. ఆ గింజ రైతులది, మిషను సంఘముది. కాని గింజ రాల్చని మిషనునే రైతులు ముందు పిలుతురు, అద్దె పెరుగును. అందులో కొంత అతని జీతములో కలుపుటకు సంఘము తీర్మానింపవలెను. వీలైనచో ఇద్దరికి నేర్పించుడు. ఒకడు పోయినను పని ఆగదు.

అమెరికాలో డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అను ఆచార్యుడు 1959లో వ్రాసిన వ్యాసములలో శిక్షణను నాలుగు మెట్లుగా పరీక్షింపవలెనని తెలిపెను: నచ్చినదా, నేర్చినాడా, పనిలో చేయుచున్నాడా, ఫలితము కనబడినదా. యోగ్యతాపత్రము మొదటి రెండు మెట్లు దాటదు. కడపటి రెండును మన పొలములోనే తేలవలెను. కావున పంపుటకు ముందు లెక్కించిన గింజల సంఖ్యను, తేదీని, వరి రకమును, డ్రైవరు పేరును సంఘపు పుస్తకములో వ్రాసియుంచుడు. వచ్చిన తరువాతి కోతలో అదే చట్రముతో, వీలైనచో అదే రకము వరిలో, ఆ డ్రైవరును దగ్గర నిలుపుకొని లెక్కింపుడు. సంఖ్య తగ్గకున్నచో ఎందుకు తగ్గలేదో మొదట అతడే చెప్పగలడు.