కడుపుకొక ఫైలు, కీళ్లకొక ఫైలు

అల్సరేటివ్ కొలైటిస్‌కి, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బుకి, ఏళ్లుగా మందులు వాడుతున్న ఒకావిడకి కొత్తగా వేళ్ల కీళ్లు వాచాయనుకోండి. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి బిగవదు. కడుపు జబ్బుకీ దీనికీ సంబంధం ఉంటుందని ఆవిడకి తోచదు. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకుంటుంది. అలాంటి నొప్పి మాత్రలు కొందరిలో పేగు జబ్బును తిరగబెడతాయి. మళ్లీ రక్త విరేచనాలు మొదలవుతాయి.

ఈ కీళ్ల నొప్పికి కారణాలు రకరకాలు. ఎక్కువమందిలో అది పేగు జబ్బుకు తోబుట్టువే. పేగు శాంతిస్తే మోకాళ్లు, చీలమండల వాపూ చాలావరకు తగ్గుతుంది. వెన్ను పట్టేయడం మాత్రం పేగుతో పనిలేకుండా తన దారిన తాను నడుస్తుంది. అరుదుగా లూపస్ లాంటి మరో జబ్బు విడిగా వచ్చి చేరుతుంది. మన రక్షణ వ్యవస్థే మన ఒంటి మీద తిరగబడే జబ్బుల్లో లూపస్ ఒకటి. ఎండ తగిలితే చర్మం మీద ఎర్రటి దద్దు, నోట్లో పుండ్లు, జుట్టు రాలడం ఉంటే దీన్ని అనుమానించాలి.

అందరూ మరిచిపోయే కారణం మందు. 1940 ప్రాంతంలో స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్స్ కీళ్లవాతం కోసం సల్ఫసలజిన్‌ని రూపొందిస్తే, అది పేగుకీ పనికొచ్చింది. ఆ సల్ఫసలజినే అరుదుగా లూపస్ లక్షణాలు తెస్తుంది. పేగు జబ్బుకు ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ ఇంజెక్షన్లూ అంతే. మందు ఆపాక ఆ లక్షణాలు సాధారణంగా కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతాయి. ఆపే నిర్ణయం మాత్రం డాక్టరుదే. ఈ ఇంజెక్షన్లు తీసుకునేవారిలో, లూపస్ అనుమానంతో చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష పాజిటివ్ రావడం మామూలే. ఆ ఒక్క కాగితం చూసి లూపస్ అని బెంగపడొద్దు.

కీళ్లకు వాడే మందులన్నీ పేగుకు సరిపడవు. ఎటనర్‌సెప్ట్ కీళ్లను బాగు చేస్తుంది కానీ, కొలైటిస్ లాగే పేగును వాపించే క్రోన్స్ జబ్బు మీద పనిచేయదు. సెకుకినుమాబ్ దాన్ని ఇంకా పెంచవచ్చు. అందుకే కడుపు ఫైలు, కీళ్ల ఫైలు రెండూ ఒకే సంచిలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమంటాను. వాడిన మందుల పేర్లు, మొదలుపెట్టిన నెల కాగితం మీద రాసుకోండి. లూపస్ అనుమానం ఉన్నప్పుడు కాళ్లు వాచినా, మూత్రం నురగగా వస్తున్నా కిడ్నీల పరీక్ష ఆలస్యం చేయొద్దు.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో పేగు క్షయ అచ్చం క్రోన్స్ లాగే కనబడుతుంది, క్రోన్స్‌కి ఇచ్చే ఇలాంటి మందు క్షయను రాజేస్తుంది.