థయోపెంటాల్ ద్రావణం తయారీలో క్షారత ప్రాధాన్యం

సిర ద్వారా ఇచ్చే బార్బిచ్యురేట్ మత్తుమందులలో థయోపెంటాల్ సోడియం పశువైద్యులకు చిరపరిచితం. ఇది తేమను పీల్చుకునే లేత పసుపు పొడి. నీటిలో బాగా కరిగేది దీని సోడియం లవణ రూపమే. ఆమ్ల రూపం దాదాపు కరగదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వలన ఆ ఆమ్ల రూపం అవక్షేపం కాకుండా పొడిలో సోడియం కార్బనేట్ కలుపుతారు. అందువలన ద్రావణపు పి.హెచ్. 10కి మించి ఉంటుంది.

1 గ్రాము పొడిని సూక్ష్మజీవరహిత పరిశ్రుత జలంలో కరిగించి 40 మి.లీ.కు చేరిస్తే, కుక్కలకు వాడే 2.5 శాతం ద్రావణం లభిస్తుంది. రింగర్ లాక్టేట్‌ను గాని, ఆమ్లగుణం గల మందులను గాని ఇందులో కలపరాదు. తేటదనం కోల్పోయిన ద్రావణాన్ని పారవేయాలి.

మందును కరిగించి ఉంచే ఈ క్షారతే, ద్రావణం సిర వెలుపలికి కారితే కణజాలాన్ని నశింపజేస్తుంది. కనుక సిరంజిలోకి రక్తం రావడాన్ని గమనించి, సూది సిరలోనే ఉన్నదని నిర్ధారించుకున్న పిమ్మటే మందు ఎక్కించాలి.