బండి దీపములును ఫ్యూజును



తర్కవ్యాకరణములు చదివి, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పి విరమించిన నావంటివాడు ట్రాక్టరు దీపములనుగూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని ఒక్క సంగతి జ్ఞాపకము చేసికొనుడు. ఎడ్లబండ్ల కాలమున ప్రొద్దుగ్రుంకిన పిదప ఎవడైన బండి కట్టినయెడల అరుగుమీది పెద్దవాడు “లాంతరు కట్టితివట్రా?” యని యడుగక మానెడివాడు కాడు. ఇరుసుక్రింద వ్రేలాడు ఆ లాంతరు ఎట్లు వెలుగునో, ఏల ఆఱునో ఆయనకు తెలియును. కావున ఆయన ప్రశ్నకు విలువ యుండెడిది. నేడు ట్రాక్టరు బయలుదేరునపుడు మనము మాటాడము. కరెంటు సంగతి కుఱ్ఱవాండ్రకే తెలియునని యూరకుందుము. కుఱ్ఱవానికి నడుపుట తెలియును. ఫ్యూజు సంగతి తఱచుగా తెలియదు.

మనము అడుగవలసిన కారణము మఱియొకటి గలదు. ముందుదీపము ఆఱెనేని తోలువానికి దారి కనబడదు. బండి ఆపి చూచుకొనును. వెనుకనున్న ట్రక్కు, తెలంగాణమున ట్రాలీ యందురు, దాని యెఱ్ఱదీపము ఆఱెనేని వానికేమియు తెలియదు. తెలియునది వెనుకనుండి వచ్చువానికి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు మోటారుసైకిలు ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. దాని డిమ్ము వెలుగు 40, 50 మీటర్లకు మించి దారిని చక్కగా చూపదు. చీకటిలో దీపములేని ట్రక్కు కంటబడిన పిదప వానికి మిగులు కాలము మూడు సెకనులు. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నియమములు వెనుకటి యెఱ్ఱదీపము 155 మీటర్ల దూరమునకు కనబడవలెనని విధించినవి. అంత దూరమునుండి కనబడిన, అదే వేగమున వచ్చువానికి తొమ్మిది సెకనుల వ్యవధి దొరకును. మూడింటికిని తొమ్మిదింటికిని నడుమ నున్నది ఒక ప్రాణము. ఆ వ్యవధిని కొనిపెట్టునది అయిదు వాట్ల చిన్న బల్బు.

ఇక ఆ బల్బు వెలుగు విధము వినుడు. విద్యుత్తు ఒకచోట బయలుదేరి మఱియొకచోట ఇంకిపోవునది కాదు. పోవుత్రోవ, తిరిగివచ్చుత్రోవ రెండును ఉన్నగాని దీపము వెలుగదు. బయలుదేరుచోటు బ్యాటరీ. దానిలో ఆఱు గదులు గలవు. ఒక్కొక్క గదికి రెండు వోల్టులకు కొంచెము పైన, మొత్తము పండ్రెండు చిల్లర. సీసపు పలకలు, నీరు కలిపిన గంధకామ్లము, ఇంతే లోపలి సరకు. ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన యీ యమరిక యొక్క మూలసూత్రము నేటికిని మాఱలేదు. ఇంజను తిరుగునపుడు బెల్టుతో తిరుగు ఆల్టర్నేటరు దీపములకు కావలసినది యిచ్చుచు, బ్యాటరీని మరల నింపుచుండును. పోవుత్రోవ తీగ. వచ్చుత్రోవకు వేఱు తీగ వేయక బండి యినుప దేహమునే వాడుకొందురు. మెకానిక్కులు దీనిని ఎర్తు అందురు. ఎర్తనగా భూమియని భ్రమపడరాదు. బండి రబ్బరు చక్రములపై నున్నది గదా! ఈ ఎర్తు సంగతి మరల వచ్చును, జ్ఞాపకముంచుకొనుడు.

పోవుత్రోవలో బ్యాటరీకి దాపుననే ఫ్యూజు గలదు. ఇది యేమియో తెలియుటకు మన చెఱువునకు పోదము. చెఱువు కట్టకంటె అలుగును పల్లముగా కట్టుటేల? కొన్ని ప్రాంతములవారు దీనినే కలుజు అందురు. నీరు మిక్కుటమైనపుడు కట్ట తెగక, ముందుగా నిర్ణయించినచోట పొరలిపోవుటకు. ఫ్యూజును అట్లే తెలిసి పెట్టిన బలహీనస్థానము. ఎక్కడనో దాగిన తీగ కాలుటకు ముందు, కంటికి కనబడుచోట ఈ సన్నని లోహపు రేకు కరగి తెగవలయును. పోలిక యింతవఱకే, అలుగు మిగులునీటిని మాత్రము విడుచును, ఫ్యూజు తెగిన ప్రవాహమంతయు నిలిచిపోవును. కాని నాలుగు గంపల నీరు ఎక్కువ నిలుచునని అలుగుమీద ఇసుకబస్తాలు పేర్చువానిని మనమెఱుగుదుము. తెగిన ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టువాడు వాని తోబుట్టువే.

లెక్క చూడుడు. వాట్లను వోల్టులచే భాగించిన ఆంపియర్లు వచ్చును. హెడ్‌లైటు బల్బు 60 వాట్లది, రెండు గలవు, 120ని 12చే భాగించిన 10 ఆంపియర్లు. అచట 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, దానికి తగిన తీగ వేయుదురు. ఇపుడొక కుఱ్ఱవాడు వెలుగు చాలదని 100 వాట్ల బల్బులు బిగించెననుకొనుడు. ప్రవాహము పదునేడు ఆంపియర్లకు చేరువయగును. ఫ్యూజు కొంత తడవునకు తెగును. వాడు 30 ఆంపియర్లది పెట్టును. దీపము వెలుగును, వాడు సంతోషించును. కాని ఎక్కడనైన తీగ ఒరసి ఇనుమునకు తగిలిన, 15 ఆంపియర్లకు చాలు తీగలో 30 పాఱినను ఆపువారు లేరు. వేడి ప్రవాహముతో సమముగా పెరుగదు, దాని వర్గముతో పెరుగును. ప్రవాహము రెట్టింపయిన వేడి నాలుగింతలు. మా ప్రాంతమున ఒక రైతు ట్రక్కుక్రింది తీగ ఇనుప అంచున ఒరసియొరసి తోలు ఊడినది. ఫ్యూజు రెండుమార్లు తెగి హెచ్చరించినది. మూడవమారు తోలువాడు రాగితీగ చుట్టినాడు. మఱునాడు వరిగడ్డి మోపు త్రోవలోనే కాలినది. మనుష్యులు బ్రదికిరి. పొగయున్నచోట నిప్పుండునని తార్కికులు చెప్పుదురు. ఫ్యూజు తెగినచోట దోషముండునని నేను చేర్చుచున్నాను. ఒకమారు తెగిన అంతే ఆంపియర్లది పెట్టి చూడవచ్చును. వెంటనే మరల తెగిన, తీగ వెదుకుటయే కర్తవ్యము.

అంకెలు చదువుట కష్టమైనను రంగులు చూచి పోల్చవచ్చును. నేటి బిళ్ల ఫ్యూజులలో ఎఱుపు 10, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. నీలమున్నచోట ఆకుపచ్చ కనబడిన అడుగుడు. పాటల డెక్కునకు, అదనపు హారనునకు తీగ ఎచటినుండి తీసిరో కూడ అడుగుడు. వెనుకదీపముల తీగనుండి తీసిన, డెక్కు చేసిన తప్పునకు ఎఱ్ఱదీపము ఆఱును. పాట ఆగినదని వానికి తెలియును గాని దీపము సంగతి తెలియదు.

ఇప్పుడు ఎర్తు. ఫ్యూజు బాగున్నది, బల్బు బాగున్నది, అయినను ట్రక్కు దీపము మిణుకుమిణుకుమనును. బ్రేకు త్రొక్కిన ఇండికేటరు మసకగా వెలుగును. ఇది దయ్యము కాదు. ట్రక్కునకు ట్రాక్టరుతో సంబంధము కొక్కెముచేతనే యున్నపుడు, తుప్పును బురదయు నడుమజేరి వచ్చుత్రోవను అడ్డగించును. విద్యుత్తు రాజమార్గము లేక పొరుగు బల్బుల సందులగుండ తిరిగి రాజూచును. మా శాస్త్రమున అన్వయవ్యతిరేకములని యొక పద్ధతి గలదు: ఏది యున్న కార్యముండునో, ఏది లేకున్న లేదో, అదియే కారణము. దీనినే యిచట ప్రయోగింపుడు. ఒక తీగ ముక్క తీసి, ఒక కొనను ట్రాక్టరు యొక్క రంగులేని యినుమునకు, రెండవకొనను దీపపు డొక్క యినుమునకు అదిమి పట్టించుడు. దీపము ప్రకాశించెనా, దోషము ఎర్తుదే. ప్రకాశింపనిచో బల్బు, హోల్డరు, ఏడు పుల్లల సాకెట్టు వరుసగా చూడవలయును. ఎర్తుదోషమునకు మందు సులభము. కొక్కెమును నమ్మక సాకెట్టుగుండ ప్రత్యేకముగా ఎర్తు తీగ వేయించి, అది బిగించుచోట రంగును తుప్పును గీకి, బోల్టు గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయవలయును. ఇండికేటరు ఒకవైపు మిక్కిలి వడిగా కొట్టుకొనుచున్న ఆ వైపు బల్బు పోయినదని సాధారణముగా గుర్తు.

బ్యాటరీనిగూర్చి కొంచెము. నిండుగానున్న బ్యాటరీ, ఇంజను ఆపి కొన్ని గంటలు ఊరకుంచినపుడు, 12.6 వోల్టులు చూపును, 12.2 అయిన సగమైనట్లు. ఇంజను తిరుగునపుడు 14కు దాపున ఉండవలెను. పెరుగకున్న ముందు బెల్టు చూడుడు. 15 దాటిన ఆల్టర్నేటరు నియంత్రణము చెడినది; బల్బులు పదేపదే పోవుట, బ్యాటరీ నీళ్లు వేగముగా ఇంకుట దాని జాడలు. మూతలు తీయు బ్యాటరీలో పలకలు మునుగునట్లు డిస్టిల్డ్ వాటరే పోయవలయును, బావినీరు కూడదు. నిండునపుడు అందుండి మండు వాయువు వెలువడును. బీడీతో దాపునకు పోరాదు. మరమ్మతునకు ముందు మైనస్ తీగను మొదట తీయుడు, బిగించునపుడు దానిని చివర బిగింపుడు. ఏలయనగా మైనస్ ఊడియున్నపుడు పానా జాఱి ప్లస్సునకును ఇనుమునకును తగిలినను నిప్పు లేవదు.

సాయంకాలము ట్రక్కు కదలకముందు ఒకరు వెనుక నిలిచి చూడవలయును. తోలువాడు ఒక్కడే ఈ పరీక్ష చేయజాలడు. మనలో పనిలేక అరుగుమీద కూర్చుండువారు ఎందఱో గలరు. దీపము వేయించుడు, బ్రేకు త్రొక్కించుడు, రెండువైపుల ఇండికేటర్లు కొట్టించుడు. ఎఱ్ఱని రిఫ్లెక్టరు పట్టీలకు విద్యుత్తు అక్కఱలేదు గాని, బురద తుడువనిచో అవియు గ్రుడ్డివి. చెఱకు ఎత్తినపుడు గడల కొనలు వెనుకకు వ్రేలి దీపములను కప్పివేయును. అట్టినాడు గడలను నఱికింపుడు, లేదా పొడవైన తీగతో దీపమొకటి కొనలకు కట్టింపుడు.