రీవాల్యుయేషన్: నేను 19 మార్కులేసిన బీరు

21 దాటినవాళ్ళే ఉండండి, మిగతావాళ్ళు ఇంకో వీడియోకి వెళ్ళిపోండి.

పోయిన ఎపిసోడ్‌లో ఒక చిన్న బ్రూవరీ వాళ్ళ పిల్స్‌నర్‌కి 50కి 19 వేశాను, గుర్తుందా? "గ్యాస్ లీకైన వాసనొస్తోంది, డబ్బులు తగలేయకండి" అని కూడా అన్నా. ఆ ఎపిసోడ్ తీసేశాను. తప్పు వాళ్ళది కాదు, నాది. బీటెక్‌లో రెండు సబ్జెక్టులకి రీవాల్యుయేషన్ పెట్టుకున్నవాణ్ణి, ఆ ఛాన్స్ వాళ్ళకీ ఇవ్వాలి కదా.

ఏం జరిగిందంటే, షూటింగ్ రోజు సీసా అందంగా కనపడాలని బాల్కనీ గోడ మీద పెట్టా. ఆకుపచ్చ సీసా, ఎండ పడితే భలే మెరుస్తుంది. నా కెమెరా సెట్ అయ్యేసరికి గంటన్నర పట్టింది. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక తాగి, తిట్టేశా.

బీరుకి చేదు హాప్స్ అనే పువ్వుల నుంచి వస్తుంది. ఆ చేదు పదార్థాల మీద వెలుతురు పడితే అవి విరిగిపోతాయి. బీరులో ఉండే విటమిన్ బి2 ఆ వెలుతురుని పట్టుకుని ఈ పని చేయిస్తుంది. విరిగిన ముక్క గంధకంతో కలిసి ఒక థయాల్ తయారవుతుంది. అమెరికావాళ్ళు దీన్ని స్కంక్ వాసన అంటారు. మనం స్కంక్‌ని ఎక్కడ చూశాం చెప్పండి! కానీ వంటగ్యాస్ లీకైతే తెలియాలని అందులో మెర్కాప్టన్ కలుపుతారు చూడండి, ఇది దానికి చుట్టమే. లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. అంటే నా ముక్కు కరెక్టే, నిందితుణ్ణే తప్పు పట్టుకున్నా. గోధుమరంగు సీసా ఈ వెలుతురుని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది పెద్దగా ఆపదు, తెల్లసీసా అయితే ఆపనే ఆపదు. షాపులో కూడా ట్యూబ్‌లైట్ కింద ముందు వరసలో ఉన్న సీసా వద్దు, అట్టపెట్టెలోంచి తీసిమ్మని అడగండి.

సరే, ఈసారి అదే బ్యాచ్‌వి రెండు సీసాలు కొన్నా. ఒకటి పెట్టెలోనే, ఇంకోటి మళ్ళీ బాల్కనీలో గంటన్నర. రెండూ ఒకే ఫ్రిజ్‌లో ఒక రాత్రి. మూడు ఒకేలాంటి గ్లాసులు, రెండింట్లో ఒక సీసా బీరు, మూడోదాంట్లో రెండోది. నేను పక్కగదిలో ఉంటే మా తమ్ముడు పోశాడు. "అన్నా, ఇదేమన్నా ఇంటర్ ప్రాక్టికల్సా?" అన్నాడు. దాదాపు అంతే. దీన్ని ట్రయాంగిల్ టెస్ట్ అంటారు. వేరుగా ఉన్న గ్లాసేదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట్లో ఒకసారి తగులుతుంది, అందుకే నాలుగు రౌండ్లు చేశాం. నాలుగూ కరెక్ట్. లక్ మీద అలా జరగడానికి 81లో ఒక్క ఛాన్స్. తాగక్కర్లేదు కూడా, వాసన చాలు.

గ్లాసు గురించి ఒక్క మాట. సబ్బు, నూనె జిడ్డు ఉంటే నురగ నిలవదు, గ్లాసు గోడలకి బుడగలు అతుక్కుంటాయి. అలా కనిపిస్తే మళ్ళీ కడగండి. సీసాతో తాగితే ముక్కుకి పనే ఉండదు. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగండి, మరీ చల్లగా ఉంటే లోపాలూ దాక్కుంటాయి, గుణాలూ దాక్కుంటాయి. పొయ్యగానే ముందు వాసన చూడండి, రంగు తర్వాత చూడొచ్చు, అదెక్కడికీ పోదు. వైన్‌లాగా ఉమ్మెయ్యకండి, చేదు ఎంతసేపు నిలుస్తుందో మింగాకే తెలుస్తుంది.

ఇక మార్కులు. నేను వాడేది బీజేసీపీ షీటు, ప్రపంచమంతా హోమ్‌బ్రూ పోటీల్లో వాడేదే. వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఒంటికి 5, మొత్తం మీద 10. రూపానికి మూడే మార్కులు, ఆ మూడు మార్కుల కోసమే నేను సీసాని ఎండలో పెట్టింది!

నీడలో ఉన్న సీసాకి వాసన 8, రూపం 3, రుచి 13, ఒళ్ళు 4, మొత్తం మీద 6. కలిపితే 34.

ఎందుకు 40 కాలేదంటే, వెనకాల సన్నగా బటర్ పాప్‌కార్న్ తగిలింది. అది డయాసిటైల్. ఈస్ట్ తనే తయారుచేస్తుంది, టైమిస్తే తనే మళ్ళీ తినేస్తుంది. తొందరపడి చల్లబరిస్తే మిగిలిపోతుంది. చెక్ పిల్స్‌నర్ అయితే కొంచెం ఉన్నా పర్లేదు, కానీ లేబుల్ మీద జర్మన్ స్టయిల్ అని వాళ్ళే రాసుకున్నారు, అందుకే కోశా. ఇది మాత్రం బాల్కనీ వల్ల కాదు, వాళ్ళదే.

బ్రూవరీకి మెయిల్ పెట్టా, సారీ కూడా చెప్పా. జవాబు రాలేదు ఇంకా. వస్తే వాళ్ళు ఒప్పుకుంటే చదివి వినిపిస్తా. వచ్చేవారం గోధుమ బీరు, అరటిపండు వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. బై.