పడవ వేళకు బడిసంచి

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏప్రిల్ మాసాన ఉదయం అయిదు గంటలకే తెల్లవారుతుంది. దేశమంతటికీ గడియారం ఒక్కటే. కాని ఆ గడియారానికి ఆధారమైన రేఖాంశానికి అండమాన్ దీవులు సుమారు పది డిగ్రీలు తూర్పున ఉన్నందువలన అక్కడ సూర్యుడు నలభై నిమిషాలు ముందే ఉదయిస్తాడు. ఆ తొలివెలుగులో జంగ్లీఘాట్ రేవు మేల్కొంటుంది. శ్రీకాకుళం తీరం నుండి తరలివచ్చి స్థిరపడిన తెలుగు జాలరి కుటుంబాలు ఇక్కడ నివసిస్తున్నవి. ఆ ఇళ్ళలో తల్లి పొయ్యి వెలిగించే వేళకే పిల్లల బడి గురించిన ఆలోచన కూడ ఆరంభమవుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనసంఖ్య సుమారు 3,80,000. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాతి స్థానం మనదే. ప్రభుత్వ పాఠశాలలలో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళములతోపాటు తెలుగు మాధ్యమం కూడ ఉన్నది. ఇది గొప్ప సౌకర్యమే. అయినప్పటికీ, కొత్త విద్యాసంవత్సరం వచ్చిన ప్రతిసారీ ఈ కుటుంబాలు మూడు పంచాంగాలను ఒకేసారి చూసుకోవలసి వస్తుంది: బడిది ఒకటి, సముద్రానిది ఒకటి, ఆకాశానిది ఒకటి.

మొదటిది బడి పంచాంగం. దీవులలోని పాఠశాలలు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పద్ధతిని అనుసరించి ఏప్రిల్‌లో తరగతులు ఆరంభిస్తవి. ఆంధ్రప్రదేశ్‌లోనో, సాధారణంగా జూన్‌లోగాని రాష్ట్ర ప్రభుత్వ బడులు తెరవరు. స్వగ్రామంలో వేసవి గడిపి, జూన్‌లో ఓడ దిగిన బాలుడు తనకు తెలియకుండానే తొలిపాఠాలు పోగొట్టుకుంటాడు. కాబట్టి, దీవులకు తరలిరాదలచిన కుటుంబం ప్రయాణపు తేదీని నిర్ణయించే ముందు బడి తేదీని విచారించడం ఉత్తమం.

రెండవది సముద్రపు పంచాంగం. తూర్పు తీరంతోపాటు అండమాన్ జలాలలోను, ప్రాదేశిక జలాలకు ఆవల, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవల వేటను కేంద్ర ప్రభుత్వం నిషేధిస్తున్నది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. సముద్రానికి మేలుచేసే ఈ విరామం ఇంటికి మాత్రం పరీక్షాకాలం. పుస్తకాలు, బూట్లు, దుస్తులు కొనవలసిన దినాలలోనే రాబడి తగ్గిపోతుంది. ఇల్లు కాలుతుండగా బావి తవ్వబూనినట్లు, ఏప్రిల్‌లో అప్పు కోసం పరుగులెత్తేకంటె, వేట బాగా సాగే నెలలలోనే వారానికి కొంత సొమ్ము బడి పేరిట విడిగా దాచడం ఇల్లాలికి మేలు. గత సంవత్సరపు నోటుపుస్తకాలలో మిగిలిన ఖాళీ కాగితాలు కుట్టుకుంటే చిత్తుపుస్తకం సిద్ధమవుతుంది. అన్న దుస్తులు తమ్మునికి సరిపోవునో లేదో మార్చిలోనే తొడిగి చూడవచ్చు.

మూడవది ఆకాశపు పంచాంగం. మే మాసం మూడవ వారానికే నైరుతి రుతుపవనాలు ఈ ప్రాంతాన్ని తాకుతవి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట గొడుగు విలాసవస్తువు కాదు. సంచి లోపల మందపాటి ప్లాస్టిక్ తొడుగు, తడిసిన బూట్లు ఆరేవరకు తొడుక్కొనుటకు మరొక జత చెప్పులు అవసరం. బాంబూఫ్లాట్ నుండి ఛాథంకు పడవలో రాకపోకలు సాగించే ఇళ్ళలో రాత్రియే సంచి సర్దిపెట్టడం నియమం కావాలి. మరచిన పుస్తకం కోసం వెనుదిరిగిన వానికోసం పడవ ఆగదు. సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది గనుక, వెలుగుండగానే ఇంటిపని ముగించే అలవాటు కూడ మంచిదే.

వీటన్నిటికంటె ముఖ్యమైనవి కాగితాలు. బదిలీపత్రం ఇంకా రాలేదనియో, జననపత్రం లేదనియో బిడ్డను ఇంట కూర్చోబెట్టే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన చట్టమొకటి ఉన్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుండి పదునాలుగేండ్ల వయస్సు గల పిల్లలకు, వయోనిర్ధారణ పత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు. బదిలీపత్రం ఆలస్యమైనంత మాత్రాన ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకొనుట ఆపరాదు. విద్యాసంవత్సరం మొదలైన తరువాత వచ్చినవారినీ త్రిప్పి పంపరాదు. వయస్సుకు తగిన తరగతిలో చేరి వెనుకబడినవారికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు సైతం కలదు. ఈ సంగతి తెలియక పోయిన ఒక్క సంవత్సరం, ఒక్కొక్కప్పుడు బాలిక చదువునకే ముగింపు కావచ్చును.

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ దీవులలో ఇళ్ళతోపాటు పెట్టెలను, పెట్టెలలోని పత్రాలను ఊడ్చుకుపోయింది. ఆనాటి పాఠం నేటికీ చెల్లుతుంది. జననపత్రం, ఆధార్, దీవుల నివాసి గుర్తింపుకార్డు, గత సంవత్సరపు మార్కుల పట్టిక, వీటి నకళ్ళు ఒక నీరు చొరని సంచిలో, చేతికందే చోట ఉండాలి. మరొక జత స్వగ్రామంలోని బంధువుల వద్ద ఉంచితే ఇంకా మంచిది. పదవ తరగతి తరువాత మండలి ఇచ్చే పత్రాలు డిజీలాకర్‌లో కూడ లభిస్తవి.

ఇంతకూ ఈ ఏర్పాట్లలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వేటకు పోయే జాలరి వల చినిగినదో లేదో తీరంలోనే చూసుకుంటాడు; నడిసముద్రంలో కాదు. బిడ్డ చదువు విషయంలోను ఆ ముందుచూపే చాలు. మార్చి నెలలో ఒక ఆదివారం, ఇంటిల్లిపాదీ చాపపై కూర్చుండి సంచి విప్పి, కాగితాలు లెక్కించి, లోటు గుర్తించినచో, ఏప్రిల్ ఉదయాన తెల్లవారేసరికి ఆ ఇంట వెదుకులాట ఉండదు. బిడ్డ సంచి భుజాన వేసుకొని రేవుకు చేరుకొనేసరికి పడవ ఇంకా ఒడ్డుననే ఉంటుంది.