'రన్' క్రియ – తెలుగు సమానార్థకాలు: తనకల్లు వ్యవహారం నేపథ్యంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక భాషలోని సామాన్యక్రియ మరో భాషలో ఒకే క్రియగా ఒదగడం అరుదు. ఆంగ్లంలోని 'రన్' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు సంపాదకులు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలను గుర్తించినట్లు 2011లో వెల్లడైంది. మన విద్యార్థి మాత్రం 'పరుగెత్తు' అనే ఒక్క అర్థాన్నే కంఠస్థం చేసి, 'కాలువలో నీళ్లు పరుగెత్తుచున్నవి' అని అనువదిస్తాడు. ఇంట్లో అతడే 'నీళ్లు పారుతున్నాయి' అంటాడు. తెలిసిన మాటను తరగతిగది మరపించడమే ఇక్కడి సమస్య.

కర్తను బట్టి క్రియ

శ్రీ సత్యసాయి జిల్లాలోని తనకల్లు ప్రాంతం వేరుశనగకూ బోరుబావుల సేద్యానికీ పేరు. అక్కడి నిత్యవ్యవహారాన్నే తీసుకుందాం. కాలువ పారుతుంది, మోటారు నడుస్తుంది, బస్సు తిరుగుతుంది, ముక్కు కారుతుంది, ఉతికిన చీర రంగు పోతుంది, బోరు ఎండిపోతుంది. వీటన్నింటికీ ఆంగ్లంలో 'రన్' ఒక్కటే చాలు. అంగడి నడిపేవారికీ అదే క్రియ. జ్వరం విషయంలో వాక్యనిర్మాణమే మారుతుంది: ఆంగ్లంలో రోగి కర్త, తెలుగులో జ్వరమే కర్తయై 'కాస్తుంది'. అమెరికా ఆంగ్లంలో అభ్యర్థి ఎన్నికల్లో 'పరుగెత్తుతాడు'. బ్రిటిష్ ఆంగ్లంలోనూ తెలుగులోనూ 'నిలబడతాడు'.

'పారు' – 'పడు'

'రన్'కు అర్థపరిధిలో దగ్గరైన తెలుగు ధాతువు 'పారు' కావడం గమనార్హం. కావ్యభాషలో శకటరేఫంతో కనిపించే 'పాఱు' పరుగునూ ప్రవాహాన్నీ రెండింటినీ చెప్పేది. నేడు 'కాలువ పారింది', 'దొంగ పారిపోయాడు' అనే వాక్యాల్లో ఆ రెండర్థాలూ నిలిచే ఉన్నాయి.

తెలుగులోనూ ఇలాంటి బహ్వర్థక క్రియలు లేకపోలేదు. 'పడు' అందుకు నిదర్శనం. వాన పడుతుంది, బోరులో నీళ్లు పడతాయి, రైతు కష్టపడతాడు, అప్పు అడగడానికి సిగ్గుపడతాడు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం కర్మణి ప్రయోగంలోనూ ఈ 'పడు'నే విధించింది. దీనికి ఆంగ్లంలో ఒక్క క్రియను చూపలేము.

ముగింపు

క్రియార్థాన్ని నిర్ణయించేది క్రియ ఒక్కటే కాదు, దానితో చేరే నామం కూడా. కనుక అనువాద బోధనలో 'రన్ అంటే పరుగెత్తు' అని చెప్పడంకంటే 'నీళ్లు ఏం చేస్తాయి? మోటారు ఏం చేస్తుంది?' అని అడగడం మేలు. జవాబు విద్యార్థి నోటనే ఉంది. దానిని ప్రామాణికంగా అంగీకరించడమే అధ్యాపకుడు చేయవలసిన పని.