పాత ఫోనుకు కొత్త వ్యవస్థ: ఎంపికలో మెలకువలు

నిమ్మనపల్లె నుంచి పొద్దున బస్సులో మదనపల్లెకు వచ్చే విద్యార్థుల చేతుల్లోని ఫోన్లను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. కొత్తవి తక్కువ. అన్న వాడి తమ్ముడికిచ్చినవి, మేనమామ బెంగుళూరు నుంచి పంపినవి, ఏదో ఒక సంవత్సరం టమోటాకు ధర పలికినప్పుడు నాయన కొనిచ్చినవి ఎక్కువ. వీటిలో చాలావాటికి ఒళ్ళు గట్టిగానే ఉంది. అద్దం పగల్లేదు, మాట స్పష్టంగా వినిపిస్తుంది. కాని కంపెనీ వాటికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేసింది. కొన్ని యాప్‌లు "మీ ఫోను పాతది" అని తలుపు వేస్తున్నాయి. అప్పుడు హాస్టలులో ఎవరో ఒకరు సలహా చెబుతారు: "కస్టమ్ రోమ్ ఎక్కించుకో అబ్బా, కొత్త ఫోనైపోతాది!"

ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఎక్కించిన మరునాడు ఫోను మోగకపోతే ఇబ్బంది పడేది సలహా చెప్పినవాడు కాదు. ఇంట్లో ఉన్నది ఒకే ఫోనైతే సంగతి మరీ చిక్కు. కాలేజీ ఫీజు కట్టడానికి వచ్చే ఓటీపీ దానికే రావాలి, మార్కెట్టు ధర చెప్పే ఏజెంటు ఫోను దానికే రావాలి. అందుచేత "ఏ రోమ్ బాగుంటుంది?" అని అడిగే ముందు, అసలు నిలకడ అనేది ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవటం అవసరం.

ఆండ్రాయిడ్ మూల గ్రంథం, అనగా సోర్స్ కోడు, ఎవరైనా తీసుకోదగినది. శామ్‌సంగ్, షియోమీ వంటి కంపెనీలు దాన్ని తీసుకుని తమ హంగులు చేర్చి ఫోనులో పెడతాయి. అదే కోడును స్వచ్ఛంద కార్యకర్తలు తీసుకుని, కంపెనీ వదిలేసిన మోడలుకు సరిపోయేటట్లు తయారుచేస్తే అది కస్టమ్ రోమ్. ఇంతవరకు తేలికే. చిక్కంతా "సరిపోయేటట్లు" అన్న మాటలో ఉంది.

మన కంప్యూటర్ ల్యాబులో ఒక పెన్‌డ్రైవు మీద లినక్స్ పెట్టుకుని డెల్ మిషన్లోనైనా, హెచ్‌పీ మిషన్లోనైనా ఎక్కించవచ్చు. కంప్యూటరును ఆన్ చేయగానే దానిలోని భాగాలు "నేను ఫలానా" అని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తమ వివరాలు చాలావరకు చెప్పుకుంటాయి. ఫోనుకు ఆ సౌకర్యం లేదు. కెమెరా ఏ తీగకు కలిసి ఉంది, స్పీకరు ఎక్కడ ఉంది, తెర ఏ తయారీది అన్న జాబితాను ముందుగానే వ్రాసి కెర్నెల్‌కు అందించాలి. దీన్ని డివైస్ ట్రీ అంటారు. ఇదికాక కెమెరా, మోడెమ్ వంటివాటిని నడిపే కొన్ని ఫైళ్ళు క్వాల్‌కామ్, మీడియాటెక్ కంపెనీల రహస్యాలు. వాటి మూలం ఎవరికీ దొరకదు. అసలు ఫోనులోని వాటినే యథాతథంగా తెచ్చి కొత్త ఆండ్రాయిడ్‌తో కాపురం చేయించాలి. కాబట్టి రోమ్ అనేది అంగట్లో దొరికే రెడీమేడ్ చొక్కా కాదు, కొలత తీసి కుట్టిన రవిక. పక్కింటామెకు అమరింది కదా అని మనకు అమరదు.

పేర్లను చూసి మోసపోవటం కూడా ఇక్కడే. రెడ్‌మీ నోట్ 4 అన్న పేరుతో రెండు ఫోన్లు వచ్చాయి. 2016లో చైనాలో వచ్చినదానిలో మీడియాటెక్ చిప్పు. 2017 జనవరిలో మన దేశానికి వచ్చినదానిలో స్నాప్‌డ్రాగన్ 625. డెవలపర్లు మొదటిదాన్ని "నికెల్" అని, రెండోదాన్ని "మిడో" అని పిలుస్తారు. దాని ఫైలు దీనిలో ఎక్కిస్తే ఫోను ఇటుకరాయి కావచ్చు. టాబ్లెట్లలో గెలాక్సీ ట్యాబ్ ఏ7 వేరు, ఏ7 లైట్ వేరు. మొదటిదానిలో స్నాప్‌డ్రాగన్ 662, రెండోదానిలో మీడియాటెక్. పేరులో ఒక్క మాటే తేడా, లోపల రెండు ఇళ్ళు. కనుక డబ్బా మీది పేరు కాక సెట్టింగ్స్‌లో ఉండే మోడల్ నంబరును, దాన్నిబట్టి కోడ్ పేరును కాగితం మీద వ్రాసుకోవటం మొదటి పని. మన మిడోకు కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ 7వ సంచికతో ఆగింది. స్వచ్ఛంద కార్యకర్తలు ఆ తర్వాత కూడా ఎన్నో సంచికలు దానికి అందించారు. ఆ చిప్పు మీద పని చేసినవారు ఎక్కువ, వాడినవారూ ఎక్కువ. నిలకడకు అసలు ఆధారం ఇదే: ఆ ఒక్క మోడలును పట్టించుకునే మనుషులు ఉండటం. రోమ్ పేరు ఆ తర్వాతి మాట.

ఈ ఉద్యమం నిన్న మొన్నటిది కాదు. 2009లో స్టీవ్ కోండిక్ ప్రారంభించిన సయనోజెన్‌మాడ్ చాలా ఏళ్ళు దీనికి పెద్దదిక్కు. తర్వాత అది కంపెనీగా కూడా మారింది. 2016 డిసెంబరులో ఆ కంపెనీ చేతులెత్తేస్తే, అదే నెలలో కార్యకర్తలు ఆ కోడును లీనియేజ్ ఓఎస్ అన్న పేరుతో కొనసాగించారు. పెట్టుబడి పోయినా పని పోలేదు.

తెలుగువారికి ఈ వ్యవహారంతో మరో బంధుత్వం ఉంది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లు అనేకం తెలుగు అక్షరాలను చూపించేవి కావు. వార్త తెరిస్తే వరుసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. కొందరు ఒపేరా మినీలో అక్షరాలను బొమ్మలుగా చూపే సెట్టింగు పెట్టుకుని చదివేవారు. మరికొందరు ఫోనును రూట్ చేసి తెలుగు ఫాంటు జొప్పించేవారు. అప్పటికీ ఒత్తులు, గుణింతాలు విడిపోయి పరాయి ఇంటి పిల్లల్లా నిలబడేవి. 2014లో ఆండ్రాయిడ్ 5 వచ్చిన తర్వాతే మెనూలతో సహా తెలుగు ఆ వ్యవస్థలో భాగమైంది. వ్యవస్థను కదిలించటం మనవారిలో కొందరికి సరదా కోసం కాక, సొంత భాష చదువుకోవటం కోసం మొదలైంది.

ఇక నిలకడ అంటే ఏమిటి? తెర మీద బొమ్మలు జారటం నున్నగా ఉండటం కాదు. ఫోను మోగాలి, అవతలివారికి మన మాట వినపడాలి. అలారం తెల్లవారుజామున మోగాలి. రాత్రి 80 శాతం ఉన్న బ్యాటరీ పొద్దునకు 40కి దిగకూడదు. కెమెరాతో తీసిన నోట్సు చదవటానికి వీలుగా ఉండాలి. వీటిలో మన దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఫోను కాలు, అందులోనూ వోల్టీ. 2016 సెప్టెంబరులో వచ్చిన జియోకు 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ ఇంటర్నెట్టు మీదనే పోవాలి. రోమ్‌లో వోల్టీ పని చేయకపోతే జియో సిమ్ ఉన్న ఫోనులో నెట్టు వస్తుంది, వీడియోలు వస్తాయి, అమ్మ ఫోను చేస్తే మాత్రం రాదు. విదేశాల్లో కూర్చుని "అంతా బాగుంది" అని వ్రాసేవారికి ఈ లోపం తగలకపోవచ్చు. కాబట్టి మన దేశంలో, మన సిమ్‌తో వాడినవారి మాటకే విలువ ఇవ్వాలి.

జీఎస్ఐ అన్న మాట కూడా మీ చెవిన పడి ఉంటుంది. 2017లో గూగుల్ ట్రెబుల్ అన్న ఏర్పాటు చేసి, ఆండ్రాయిడ్ భాగాన్ని చిప్పు తాలూకు భాగం నుంచి వేరు చేసింది. దానివల్ల ఒకే ఫైలు అనేక ఫోన్లలో లేవటం సాధ్యమైంది. లేవటం వేరు, నడవటం వేరు. వోల్టీ, వేలిముద్ర, కెమెరా వంటి చోట్ల ఇది కుంటుతుంది. ప్రయోగానికి మంచిదే గాని, రోజూ వాడే ఫోనుకు నేను దీన్ని సిఫారసు చేయను.

అధికారిక బిల్డుకు, అనధికారిక బిల్డుకు తేడా కూడా గుర్తించాలి. లీనియేజ్ వారు ఒక మోడలును తమ అధికారిక జాబితాలో చేర్చటానికి నియమావళి పెట్టుకున్నారు. ఆ ఫోనులో మామూలుగా పనిచేసే కాల్స్, వైఫై, కెమెరా రోమ్‌లో కూడా పని చేయాలి, దాని బాధ్యత తీసుకున్న మెయింటెయినర్ ఉండాలి. ఆయన తప్పుకుంటే మోడలు జాబితాలోంచి పోతుంది. అనధికారికమంటే చెడ్డదని కాదు, పూచీ పడేవారు లేరని అర్థం. ఏ రోమైనా సరే మూడు సంగతులు చూడండి. చివరి అప్‌డేటు ఏ తేదీది? గత ఏడాదిగా క్రమం తప్పకుండా వస్తున్నాయా? పనిచేయనివి ఏమిటో మెయింటెయినరే ఒప్పుకుని వ్రాశారా? "లోపాలు లేవు, మీరే చెప్పండి" అని వ్రాసినచోట నాకు అనుమానం. నాలుగు లోపాలు విడమరచి వ్రాసినవారిని నమ్మవచ్చు. సంచిక కొత్తదా పాతదా అన్నది కూడా అంత ముఖ్యం కాదు. నిన్న వచ్చిన ఆండ్రాయిడ్ 16 బిల్డుకంటే ఏడాదిగా భద్రతా సవరణలు అందుకుంటున్న 14వ సంచిక బిల్డు మేలు.

ఇన్ని చూసుకున్నా తాళం తీయకుండా ఏదీ ఎక్కదు. ఆ తాళం పేరు బూట్‌లోడర్. అది కంపెనీ చేతిలో ఉంది. షియోమీ ఖాతా తెరిచి రోజుల తరబడి ఆగమంటుంది, 2023లో వచ్చిన హైపర్ ఓఎస్ తర్వాత షరతులు ఇంకా బిగించింది. శామ్‌సంగ్ ఫోను తాళం తీసి బయటి వ్యవస్థ ఎక్కిస్తే నాక్స్ అనే భద్రతా ఫ్యూజు కాలిపోతుంది. మళ్ళీ అసలు సాఫ్ట్‌వేరు పెట్టినా అది అతకదు. పైగా 2025లో వచ్చిన వన్ యూఐ 8తో తాళం తీసే సెట్టింగునే తొలగించారు. వివో వంటివి మామూలు వినియోగదారుకు దారే ఇవ్వవు. గ్రఫీన్ ఓఎస్ గట్టిదని పేరుంది, కాని దాన్ని గూగుల్ పిక్సెల్ ఫోన్ల కోసం తయారుచేశారు. 2023 జనవరిలో ఐఐటీ మద్రాసులో పరిచయం చేసిన భారోస్ గురించి చాలామంది అడుగుతున్నారు. అది సంస్థల అవసరాల కోసం ముందుకు తెచ్చినది, ఎవరి ఫోనులో వారు ఎక్కించుకునే సరుకు కాదు.

తాళం తీసిన ఫోనుకు రెండు నష్టాలున్నాయి. ఫోను దొంగ చేతిలో పడితే వ్యవస్థను మార్చివేయటం అతనికి సులువు. రెండోది డబ్బు వ్యవహారం. ప్లే ఇంటిగ్రిటీ అనే గూగుల్ పరీక్ష ద్వారా బ్యాంకు యాప్‌లు "ఈ ఫోను కంపెనీ పెట్టిన స్థితిలో ఉందా?" అని విచారిస్తాయి. 2025 నుంచి ఈ విచారణ మరింత కట్టుదిట్టమైంది. ఇవాళ పనిచేసిన చెల్లింపు యాప్ రేపు నిరాకరించవచ్చు. దాన్ని ఏమార్చే చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. నెలకోసారి చిట్కా మార్చుకునే ఫోనును నిలకడైనదని నేను అనలేను. *99# ద్వారా గాని, 2022 మార్చిలో మొదలైన యూపీఐ 123పే ద్వారా గాని మామూలు బటన్ల ఫోనుతోనే డబ్బు పంపవచ్చు. ఆ ఏర్పాటు ముందే చేసుకున్నవారికి ఈ బాధ కొంత తక్కువ. మరొక సంగతి: రోమ్ భద్రతా సవరణలు ఆండ్రాయిడ్ భాగానికి అందుతాయి. చిప్పు కంపెనీ రహస్య ఫైళ్ళు మాత్రం కంపెనీ వదిలేసిన నాటివే. పాత ఫోను పూర్తిగా కొత్తదైపోదు.

ఈ దృష్టితో చూస్తే ఫోనుకంటే టాబ్లెటే ఈ పనికి అనువైనది. కాల్స్ లేవు, యూపీఐ లేదు, పుస్తకాలు, పాఠాలు చదవటానికే వాడతాం. కాని ఏ టాబ్లెట్? 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించి రాష్ట్రమంతటా 8వ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా శామ్‌సంగ్ ట్యాబ్‌లు ఇచ్చారు. మరుసటి ఏడు అదే తేదీన చింతపల్లిలో రెండో విడత మొదలైంది. మీ తమ్ముడి దగ్గరో చెల్లెలి దగ్గరో ఒకటి ఉండే ఉంటుంది. అవి పాఠాల కోసం ప్రభుత్వ నియంత్రణ సాఫ్ట్‌వేరుతో ఇచ్చినవి. "దాన్ని విప్పి నాకు సినిమాలకు ఇవ్వు" అని పిల్లలు అడిగినా చేయి వేయకండి. ప్రయోగాలకు మన డబ్బుతో కొన్న పరికరమే ఉండాలి. లీనియేజ్ జాబితాలో ట్యాబ్ ఏ7, ఎస్6 లైట్ వంటి పాత శామ్‌సంగ్ టాబ్లెట్లు చోటు చేసుకున్నాయి. సెకండ్ హ్యాండు కొనదలచినవారు ముందు జాబితా చూసి, తర్వాత బేరమాడటం తెలివైన పని. మనవాళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

ఎక్కించే పద్ధతి ప్రతి మోడలుకు వేరు, దాని పేజీలో ఉన్నది అక్షరం తప్పకుండా పాటించాలి. తాళం తీయగానే లోపలిదంతా చెరిగిపోతుంది గనుక ఫొటోలు, వాట్సాప్, నోట్సు ముందే వేరేచోట దాచాలి. కంపెనీ అసలు సాఫ్ట్‌వేరు ఫైలును కూడా కంప్యూటరులో దింపి ఉంచుకోవాలి, వెనక్కు వచ్చే దారి అదే. ఐఎంఈఐ వివరాలున్న భాగాన్ని కాపీ తీసుకునే వీలుంటే తీసుకోవాలి. అది చెడితే ఫోను టవరును పట్టుకోదు. లీనియేజ్‌లో గూగుల్ యాప్‌లు ఉండవు. కావాలంటే మొదటిసారి ఆన్ చేయకముందే వాటిని కూడా ఎక్కించాలి. పని ముగిసింది కదా అని బూట్‌లోడర్‌కు మళ్ళీ తాళం వేయకండి. రోమ్ దానికి తగినట్లు తయారై ఉంటే తప్ప, తాళం వేసిన మరుక్షణం ఫోను లేవకపోవచ్చు.

మీ మోడలుకు అధికారిక బిల్డు లేకపోతే? ఉన్న వ్యవస్థలోనే ఉండండి. ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అక్కరలేని యాప్‌లు తీసేసి, బ్యాటరీ మార్పిస్తే చాలా ఫోన్లు మరో రెండేళ్ళు లాగుతాయి. బిల్డు ఉంటే సెమిస్టరు పరీక్షలు అయిపోయిన మరుసటి వారం మొదలుపెట్టండి. మొదటి ఏడు రోజులు మీ సిమ్ వేరొక ఫోనులో ఉంచి, కొత్త వ్యవస్థలో ఒక అదనపు సిమ్ వేసి, నిమ్మనపల్లెలో సిగ్నలు అంతంతమాత్రంగా అందే చోట నిలబడి ఎవరికైనా ఫోను చేసి చూడండి. కాలు కలిసి, అవతలివారికి మాట తెగకుండా వినిపించిన తర్వాత అసలు సిమ్ మార్చండి.